కోట గారి నోట మన మాట

 

ఈ వారం మీతో మాట్లాడదామనుకున్న విషయం వేరే. దానికి నోట్సు కూడా రాసి పెట్టుకున్నాను. కానీ మొన్న ఆదివారం, జూలై 13 తెల్లవారుజామున, కోట శ్రీనివాసరావు గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. జూలై 10న ఆయనకు 83 ఏళ్లు నిండాయి, మూడు రోజులకే వెళ్లిపోయారు. ఇక ఆ నోట్సు పక్కన పెట్టేశాను.

ఆ రోజు పొద్దున నాకు మూడు ఫోన్లు వచ్చాయి. మొదటిది సూర్యాపేట నుంచి, నాతో ఏడో తరగతి చదివిన దోస్తు. "అరేయ్, మన కాశయ్య పోయిండ్రా" అన్నాడు. రెండోది కోదాడ నుంచి, మా మేనమామ. "ఏరా, టీవీ చూశావా? కోట పోయిండంట" అన్నాడు. మూడోది మిర్యాలగూడ నుంచి. మా నాయిన గుమాస్తాగా పనిచేసిన రైస్ మిల్లులో ఆయనతో పాటు పనిచేసిన పెద్దాయన. ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి. "బిడ్డా, మన కోటయ్య పోయిండు" అన్నాడు.

మనిషి ఒక్కడే. ఒకరికి కాశయ్య, ఒకరికి కోట, ఒకరికి కోటయ్య. నేను ముగ్గురిలో ఎవర్నీ "ఏ కోట?" అని అడగలేదు.

ఆయన జీవితం గురించి ఈ నాలుగు రోజుల్లో మీరు చాలా విని ఉంటారు. కృష్ణా జిల్లా కంకిపాడు, తండ్రి డాక్టరు, నాటకాలు, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం, 1978లో "ప్రాణం ఖరీదు"తో సినిమాల్లోకి రావడం, 750కి పైగా సినిమాలు, తొమ్మిది నంది అవార్డులు, 1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే, 2015లో పద్మశ్రీ. అవన్నీ మళ్లీ చదవను. నేను ఒక్క విషయమే మాట్లాడతాను. సూర్యాపేటలో పుట్టినవాడిగా నాకు ఈయన మీద చాలా ఏళ్లు కోపం ఉండేది. అది ఎందుకు వచ్చింది, ఎట్లా పోయింది, ఇది చెప్తాను.

ముందు "ప్రతిఘటన" దగ్గరికి వెళ్దాం. 1985. టి. కృష్ణ గారి డైరెక్షన్, రామోజీరావు గారి ఉషాకిరణ్ మూవీస్. విజయశాంతి గారికి ఎంత పేరొచ్చిందో మీకు తెలుసు. అందులో మంత్రి కాశయ్య వేషం కోట గారిది. నేను అప్పుడు ఏడో తరగతి. నాయినతో కలిసి మా ఊరి థియేటర్‌లో చూశాను.

కాశయ్య నోరు తెరవగానే హాల్లో ఒక కదలిక వచ్చిందండి. అది నవ్వు కాదు. జనం సీట్లలో సర్దుకుని కూర్చున్నారు. ఎందుకంటే అక్కడ తెర మీద ఒక మంత్రి, ఖద్దరు వేసుకున్న పెద్దమనిషి, మన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. "వస్తున్నాడు" అనకుండా "వస్తుండు" అంటున్నాడు. మాకది కొత్త.

ఎంత కొత్తో చెప్పాలంటే ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. ఇద్దరూ మా వైపు వాళ్లే. కత్తి కాంతారావు గారిది గుడిబండ, కోదాడకు దగ్గరి ఊరు. "లవకుశ"లో లక్ష్మణుడు ఆయనే, "నర్తనశాల"లో కృష్ణుడు ఆయనే. విఠలాచార్య గారి జానపదాల్లో ఆయన కత్తి తిప్పుతుంటే ఊళ్లో పిల్లలందరి చేతుల్లో కంది కట్టెలు కత్తులయ్యేవి. రెండో ఆయన డాక్టర్ ప్రభాకర్ రెడ్డి గారు. ఆయనది తుంగతుర్తి. ఉస్మానియాలో డాక్టరీ చదివి 1960లో "చివరకు మిగిలేది"తో సినిమాల్లోకి వచ్చారు. వందల వేషాలు వేశారు, కథలు రాశారు, సినిమాలు తీశారు. ఇవాళ మణికొండలో సినీ కార్మికులు ఉంటున్న చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు.

ఇద్దరూ మా మట్టి మనుషులే. కానీ తెర మీద వాళ్లు ఎక్కువగా మాట్లాడింది పుస్తకం తెలుగు. కాంతారావు గారు కృష్ణుడిగా "ఏడికి బోతున్నవ్?" అనలేరు కదా. సాంఘిక సినిమాల్లో కూడా డాక్టరైనా, లాయరైనా, జమీందారైనా మాట్లాడే తెలుగు వేరే. అది వాళ్ల తప్పు కాదు, అప్పటి సినిమా తీరు అది. "మా భూమి" లాంటివి లేవని కాదు, ఉన్నాయి. కానీ శుక్రవారం పోస్టరు పడి, టికెట్లకు లైను కట్టి చూసే పెద్ద సినిమాలో మా మాట వినపడటం చాలా అరుదు.

అట్లాంటిది గుడిబండ ఆయన, తుంగతుర్తి ఆయన మాట్లాడని మా మాటను కంకిపాడు ఆయన వచ్చి మాట్లాడాడు. మాట్లాడింది ఎవరుగా? ఒక దుర్మార్గుడైన మంత్రిగా.

సినిమా అయ్యాక ఇంటికి నడిచి వస్తున్నాం. నాయిన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అన్నాడు. "అచ్చం మన తీర్గనే మాట్లాడిండు. కానీ దొంగోన్ని జేసిండ్రు గదరా."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. నాలుగేళ్ల తర్వాత అయింది.

1989లో నన్ను ఇంటర్‌కి విజయవాడ పంపించారు. మా సైడ్ నుంచి చాలామంది అక్కడికే వెళ్లేవాళ్లు. సూర్యాపేటలో బస్సు ఎక్కితే కోదాడ దాటాక జగ్గయ్యపేట, నందిగామ, ఆ తర్వాత విజయవాడ. మూడు గంటలకు అటూ ఇటూగా. దూరం పెద్దగా లేదు. కానీ హాస్టల్‌లో మొదటి రాత్రే నేను ఎవరినో "ఏం జేస్తున్నవ్?" అని అడిగాను. గదిలో ఉన్న ఆరుగురూ ఒకేసారి నవ్వారు. ఒకడన్నాడు, "ఒరేయ్, కాశయ్య వచ్చాడ్రా!"

అంతే. రెండేళ్లు నా పేరు కాశయ్య. మెస్‌లో కాశయ్య, క్లాసులో కాశయ్య. వాళ్లు చెడ్డవాళ్లు కాదండి. అందులో ఇద్దరు ఇప్పటికీ నా ప్రాణ స్నేహితులు. వాళ్లకది సరదా. నాకు మాత్రం నోరు తెరవాలంటే భయం పట్టుకుంది. ఏ మాటకామాట లోపల ఒకసారి దిద్దుకుని బయటికి వదిలేవాణ్ణి. "పోయిండు" అని నాలుక చివరి దాకా వస్తుంది, దాన్ని "వెళ్లాడు" చేసి పంపాలి. సెలవులకు ఇంటికి వచ్చి అలవాటుగా అట్లాగే మాట్లాడితే మా అమ్మ నవ్వింది, "ఏంరా, సుట్టపోని లెక్క మాట్లాడుతున్నవ్" అని. అక్కడ కాశయ్య, ఇక్కడ చుట్టం.

అప్పుడు పుట్టింది కోట గారి మీద కోపం. ఈయన ఆ వేషం వేయకపోతే నాకు ఈ పేరు ఉండేది కాదు కదా అని. తర్వాత ఆయన సినిమాల్లో మా యాస మాట్లాడినప్పుడల్లా హాలంతా నవ్వుతుంటే నేను నవ్వేవాణ్ణి కాదు.

ఆ బాధ నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఇది గట్టిగానే బయటికొచ్చింది. సినిమాలో రౌడీకి మా యాస, పనిమనిషికి మా యాస, లంచగొండి నాయకుడికి మా యాస, కమెడియన్‌కి మా యాస. హీరోకి మాత్రం ఇంకో తెలుగు. ఈ విమర్శలో అబద్ధం లేదు. ఇవాళ కోట గారు పోయారు కాబట్టి ఆ విషయం దాచిపెట్టి ఉత్త పొగడ్తలు చెప్తే అది ఆయనకీ మర్యాద కాదు, మనకీ కాదు.

మరి కోపం ఎట్లా పోయింది? దానికి మా కోదాడ మేనమామ దగ్గరికి వెళ్లాలి.

కోదాడ మీకు తెలుసు కదా, హైవే మీద తెలంగాణ చివర ఉన్న పట్నం. దాటితే ఎన్టీఆర్ జిల్లా. అక్కడి మనుషుల నోట రెండు తీర్లు కలిసే ఉంటాయి. మా మామ ఫోన్‌లో అన్న మాటే చూడండి. "చూశావా" అటువైపుది, "పోయిండంట" ఇటువైపుది. ఒకే ఊపిరిలో రెండూ వచ్చేస్తాయి, ఆయనకా సంగతి తెలియను కూడా తెలియదు. మామకి కిరాణా కొట్టు. ఆయనకి కోట గారంటే "అహ నా పెళ్లంట"లో లక్ష్మీపతి. 1987లో జంధ్యాల గారు తీసింది. చూరుకి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి. కొట్లో ఎవరైనా పావలా దగ్గర బేరం ఆడితే మామ ఇప్పటికీ "కోడిని కట్టుకో పో" అంటాడు.

చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో నేను మామ దగ్గర కాశయ్య గొడవ అంతా వెళ్లబోసుకున్నాను. ఆయన విని ఒక ప్రశ్న అడిగాడు. "మరి లక్ష్మీపతి మాట్లాడింది ఏ యాస రా?"

అటువైపు తెలుగే మామా, అన్నాను.

"మరి ఆ లక్ష్మీపతిని చూసి అటువైపోళ్లు ఎవరన్నా బాధపడ్డారా, మా భాష మాట్లాడేవాణ్ణి పిసినారిని చేశారని?"

లేదు.

"ఎందుకు బాధపడలేదు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి తోచింది. ఎందుకు బాధపడలేదంటే, ఆ సినిమాలో ఆ తెలుగు లక్ష్మీపతి ఒక్కడే మాట్లాడలేదు. హీరో రాజేంద్రప్రసాద్ గారూ మాట్లాడారు, హీరోయినూ మాట్లాడింది, హీరో తండ్రీ మాట్లాడాడు. మంచివాడు, చెడ్డవాడు, తెలివైనవాడు, తిక్కవాడు, అందరూ ఒకే మాట మాట్లాడుతుంటే అందులో ఒక పిసినారి ఉంటే ఎవరికీ నామోషీ కాదు. ఇల్లన్నాక ఒక పిసినారి ఉంటాడు. మా మాటకి వచ్చిన కష్టం ఏమిటంటే, తెర మీద అది మాట్లాడే ఇంట్లో కాశయ్య ఒక్కడే ఉన్నాడు. తల్లి లేదు, తండ్రి లేడు, ప్రేమించిన పిల్ల లేదు, చదువుకున్న పిల్లగాడు లేడు. కాశయ్య ఉండటం మా బాధ కాదండి. ఒంటరిగా ఉండటం మా బాధ.

ఇది అర్థమయ్యాక నేను నటుణ్ణి వేరుగా, ఆ వేషాలు రాసి పంచిన వాళ్లను వేరుగా చూడటం మొదలుపెట్టాను. అట్లా చూస్తే కోట గారు చేసిన పని ఇంకో రకంగా కనపడింది.

యాస మాట్లాడటంలో రెండు తీర్లు ఉంటాయి. ఒకటి వెక్కిరించడం. నాలుగు మాటలు పట్టుకుని, వాటినే సాగదీసి, "చూశారా వీళ్లెట్లా మాట్లాడతారో" అని చూపించడం. హాస్టల్‌లో నాకు జరిగింది అదే. రెండోది ఆ మాటలోనే ఆలోచించడం. కాశయ్యను మీరు మళ్లీ చూడండి. ఆయన యాసను ఎక్కడా బయట పెట్టి చూపించడు. అతను బెదిరించేది, బుజ్జగించేది, లెక్కలు వేసుకునేది అంతా ఆ మాటలోనే. చూసేవాడికి వేసేది భయం, నవ్వు కాదు. ఒక భాషకి భయపెట్టే శక్తి ఉందంటే దానికి బరువుందని అర్థం. దాన్ని ఉత్త తమాషా సరుకు చేయని వాళ్లలో ఈయన ఒకరు.

నిజం చెప్పాలంటే ఆయన మాట్లాడింది అచ్చంగా మా నల్లగొండ వైపు మాట కాదు, హైదరాబాద్ తీరు ఎక్కువ. అది సహజమే. ఆయన సినిమాల్లోకి రాకముందు హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. బ్యాంకుకి రోజూ ఎంతమంది వస్తారు, ఎన్ని ఊళ్ల వాళ్లు వస్తారు! నాటకాలాడే మనిషి, చెవి ఊరుకోదు కదా. ఆ చెవి తర్వాత ఆయన్ని చాలా చోట్ల కాపాడింది. 2003లో "సామి"తో తమిళంలోకి వెళ్లి పెరుమాళ్ పిచ్చైగా వాళ్లనే భయపెట్టారు. 2005లో "సర్కార్"తో హిందీలో కనపడ్డారు.

ఇంకో సంగతి. బాబూమోహన్ గారితో ఆయన జంట. "మామగారు" 1991. బాబూమోహన్ గారిది ఖమ్మం జిల్లా బీరోలు, సూర్యాపేటకి పక్క ప్రాంతమే. వాళ్లిద్దరూ తెర మీదికి వస్తే హాలు ఆగేది కాదు. తన్నేవాడు ఒకడు, తన్నులు తినేవాడు ఒకడు, కానీ నవ్వు ఇద్దరిదీ. పక్కవాడికి చోటిచ్చే నటుడైతేనే అట్లాంటి జంట నిలబడుతుంది.

ఇక మిర్యాలగూడ పెద్దాయన సంగతి. మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక అటు కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు చాలామంది వచ్చి స్థిరపడ్డారు. మిల్లులో ఒక బస్తా లారీ ఎక్కేలోపు రెండు మూడు రకాల తెలుగు వినపడుతుంది. ఈ పెద్దాయన అక్కడ హమాలీగా మొదలై, తర్వాత తూకం దగ్గర పనిచేశాడు. ఆయనకి కోట గారంటే "ఆ నలుగురు"లో కోటయ్య. 2004లో చంద్రసిద్ధార్థ గారు తీసిన సినిమా. వడ్డీ వ్యాపారి, పైసా వదలనివాడు. చచ్చిపోయిన మనిషి ఇంటి ముందుకి అప్పు కోసం వస్తాడు. వచ్చినవాడు వచ్చినట్టు వెళ్లలేకపోతాడు. ఆ మార్పు కోట గారి ముఖంలో ఎట్లా వస్తుందో చూడాలి. పిసినారి ఒక్కసారిగా దేవుడు అయిపోడు. పిసినారిగానే ఉండి కరుగుతాడు.

"ఆ సినిమా నేను ఐదుసార్లు చూసిన బిడ్డా" అన్నాడు పెద్దాయన మొన్న ఫోన్‌లో. "మనకు అప్పిచ్చినోడు గట్లనే ఉంటడు. మంచోడు గాడు, చెడ్డోడు గాడు." కొంచెం ఆగి, "చేతికొచ్చిన కొడుకు పోయిండు ఆయనకు. మల్ల అచ్చి అందర్ని ఎట్ల నవ్వించిండో" అన్నాడు.

2010లో కోట గారి ఒక్కగానొక్క కొడుకు ప్రసాద్ హైదరాబాద్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పుడప్పుడే నటుడిగా అడుగులు వేస్తున్నాడు. ఆ తర్వాత కూడా కోట గారు మేకప్ వేసుకుని సెట్‌కి వెళ్లారు. ఈ పెద్దాయన కూడా చెట్టంత కొడుకును పోగొట్టుకున్నవాడే. ఆయన తూకం పని మానలేదు. ఆ మాట అన్నప్పుడు కోట గారి గురించి అన్నాడో, తన గురించి అన్నాడో నేను అడగలేదు.

ఆయన్ని ఒక్కటి మాత్రం అడిగాను. "కోట గారు మన యాసను విలన్లకు పెట్టి మాట్లాడిండని నీకెప్పుడన్నా బాధయ్యిందా?" పెద్దాయన అన్నాడు, "ఆయనకిచ్చిన ఏషం ఆయన ఏసిండు. మనోళ్లకు ఏషాలియ్యనోళ్లను అడుగు."

చివరి రోజుల్లో కోట గారు కూడా దాదాపు ఇదే అడిగేవారు, గుర్తుందా? ఇక్కడ ఇంతమంది నటులు ఉండగా ప్రతి వేషానికి బయటి నుంచి ఎందుకు తెస్తారని చాలాసార్లు బహిరంగంగానే మాట్లాడారు. కొందరికి నచ్చలేదు. కానీ అర్హత ఉండి కూడా తెర మీద చోటు దొరకకపోతే ఎట్లా ఉంటుందో ఆ బాధ మా వైపు వాళ్లకి బాగా తెలుసు.

ఇప్పుడు రోజులు మారాయి. "ఫిదా"లో హీరోయిన్ మన మాట మాట్లాడితే రాష్ట్రాలతో సంబంధం లేకుండా జనం ముచ్చటపడ్డారు. 2023లో "బలగం" వచ్చింది. అందులో తాత, కొడుకులు, బిడ్డ, అల్లుడు, మనవడు, అలిగేవాడు, ఏడ్చేవాడు, స్వార్థపరుడు, అందరూ ఆ మాటే. ఒంటరిగా ఉన్న కాశయ్యకి చుట్టూ ఇల్లు కట్టినట్టయింది.

ఆదివారం రాత్రి మా అబ్బాయితో కలిసి మళ్లీ "ప్రతిఘటన" చూశాను. వాడు హైదరాబాద్‌లో పెరిగినవాడు, ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు. కాశయ్య వచ్చిన కాసేపటికి అడిగాడు, "నాన్నా, ఈయనది మన సూర్యాపేట సైడా?" కాదురా, కంకిపాడు, విజయవాడ అవతల అన్నాను. నమ్మలేదు. "మరి తాత లెక్క మాట్లాడుతుండు కదా" అన్నాడు.

వాడికి అందులో నామోషీ కనపడలేదు. వాళ్ల తాత కనపడ్డాడు.

అప్పుడు మా నాయిన అన్న మాట గుర్తొచ్చింది. నలభై ఏళ్లుగా గుర్తున్న మాటే, కానీ సరిగ్గా విన్నది ఇప్పుడే. నాయిన "దొంగోన్ని జేసిండు" అనలేదు. "జేసిండ్రు" అన్నాడు. కోట గారిని ఒక్క మాట అనలేదు. ఆయన గురించి అన్నది మొదటి సగం మాత్రమే: అచ్చం మన తీర్గనే మాట్లాడిండు.

నేను కోట గారిని ఎప్పుడూ కలవలేదు. కలిసుంటే ఈ కాశయ్య గోల చెప్పేవాణ్ణి. కోప్పడి ఉండేవారో, నవ్వి ఉండేవారో. ఇప్పుడైతే, సూర్యాపేట నుంచి మా నాయిన తరఫున, కోదాడ నుంచి మా మామ తరఫున, మిర్యాలగూడ నుంచి ఆ పెద్దాయన తరఫున ఆయనకి నమస్కారం పెడుతున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారం ఒకసారి అడగండి, కోట గారంటే వాళ్లకి ముందు ఎవరు గుర్తొస్తారో. కాశయ్యా, లక్ష్మీపతా, కోటయ్యా, ఇంకెవరో. ఆ సినిమా పెట్టి వాళ్ల పక్కన కూర్చుని చూడండి.

వచ్చే వారం, అనుకున్న విషయంతో మళ్లీ కలుద్దాం. ఉంటానండి. నమస్తే.